పిల్లల సంగతి సరే, మీరెలా ఉన్నారు?

(హైదరాబాద్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో తల్లిదండ్రులతో ఒక కౌన్సెలర్ మాట్లాడిన మాటలు. మాట ధోరణి మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి, ఇది తొందరగా అయ్యే పని కాదు. ముందు ఒక ప్రశ్న. 2020 మార్చిలో మీ పిల్లలు ఏ క్లాసు? చూశారా, టక్కున చెప్పేశారు. యూకేజీ, నాలుగు, టెన్త్, "నా కడుపులో ఉన్నాడు మేడం" అని అక్కడెవరో అన్నారు. సరే, ఇంకొకటి అడుగుతాను. ఆ ఏడాది మీరెలా ఉన్నారు?

ఇప్పుడు చప్పుడు లేదు. గట్టిగా అడిగితే "ఏదో మేడం, గడిచిపోయింది" అంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా పిల్లల కోసమే వస్తారు. వాడు ఫోన్ వదలడం లేదని, పాప గదిలోంచి బయటికి రావడం లేదని, చదువు మీద ధ్యాస పోయిందని. ఎప్పట్నుంచి ఇలా ఉంది అంటే చాలామంది "కరోనా అప్పట్నుంచి" అంటారు. అప్పుడు ఇంట్లో పరిస్థితి ఏంటని అడుగుతాను. పిల్లాడి గురించి మొదలుపెట్టిన అమ్మ కాసేపటికి తన గురించి చెప్తూ ఉంటుంది, ఏడుస్తుంది, ఏడ్చి "సారీ మేడం, వాడి గురించి అడిగితే నా గోల చెప్పాను" అంటుంది. ఆ గోల వినడానికే కదా నేనక్కడ కూర్చున్నది.

ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళకి కూడా అందుతుంది. ఆ రోజుల్లో తట్టుకున్నవాళ్ళది గట్టి గుండె, తట్టుకోలేకపోయినవాళ్ళది పిరికి మనసు అని మనలో ఒక లెక్క ఉంది. నేను చూసిన ఇళ్ళల్లో ఆ లెక్క కుదరలేదు. పని అందుకోడానికి ఇంకో జత చేతులున్న ఇల్లు ఎలాగో నెట్టుకొచ్చింది. అంతా ఒక్కరి నెత్తిన పడ్డ ఇంట్లో, ఆ ఒక్కరు ఎంత ధైర్యస్తులైనా సరే, ఎక్కడో ఒకచోట కూలబడ్డారు.

లాక్‌డౌన్ అంటే మనకి మార్చి 22 జనతా కర్ఫ్యూ గుర్తొస్తుంది. దేశమంతా పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా అంటే, మన దగ్గర 24 గంటలు అన్నారు. తర్వాత లాక్‌డౌన్ మే 3 దాకా అన్నారు, మనకేమో మే 7 అన్నారు, మళ్ళీ మే 29 దాకా పొడిగించారు. అక్కడితో అయిపోయిందని ఊరు అనుకుంది. కానీ పిల్లలున్న ఇంటికి లెక్క వేరు. స్కూళ్ళు మార్చి మధ్యలోనే మూసేశారు. సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి నుంచి పైవాళ్ళకి టీవీలో, టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. అదే సెప్టెంబర్‌లో మెట్రో రైలు తిరిగింది, సిటీ బస్సులు కూడా రోడ్డెక్కాయి, బడి మాత్రం తెరుచుకోలేదు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది పిల్లల్ని రమ్మన్నారు, నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది వాళ్ళని రమ్మన్నారు, మార్చి 24 నుంచి మళ్ళీ తాళం. చిన్నపిల్లల సంగతైతే చెప్పక్కర్లేదు, యూకేజీలో ఇంటికొచ్చిన పాప 2021 సెప్టెంబర్‌లో తిరిగి బడి గడప తొక్కేసరికి రెండో తరగతి. మధ్యలో ఆ పిల్లకి అ ఆలు దిద్దించింది, ఏ ఫర్ యాపిల్ చెప్పింది, కెమెరా ముందు కూర్చోబెట్టి మ్యూట్ తీసి మ్యూట్ పెట్టింది ఎవరు? ఆ పని చేసినందుకు ఎవరికీ జీతం రాలేదు, సెలవు అంతకన్నా లేదు.

మామూలు రోజుల్లో పిల్లల్ని పెంచడం అంటే ఇద్దరు మనుషులు చేసే పని అనుకుంటాం గానీ కింద బోలెడు గుంజలుంటాయి. బడి ఒక గుంజ, పనమ్మాయి ఒకటి, కింది పోర్షన్ ఆంటీ ఒకటి, ఆదివారం వచ్చే అమ్మమ్మ, ఆటోలో పిల్లల్ని దింపే అన్న, ఆఖరికి నాన్న ఆఫీసుకి పోవడం కూడా ఒక గుంజే. ఒక్క వారంలో అన్నీ పీకేస్తే పందిరి ఎవరి మీద పడిందో మీకు తెలుసు. కొంచెం అంకెలు కూడా చెప్తాను, ఇవి నావి కావు, జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా తిరిగి చేసిన సర్వేలోవి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. "చేసే మగవాళ్ళు" అన్నాను, గమనించారా, అసలు రోజులో ఏదో ఒక ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి 26 మంది. నవ్వకండి అన్నా, మీ గురించే. ఇది కరోనాకి ముందు ఏడాది లెక్క. అంటే లాక్‌డౌన్ వచ్చి ఇంట్లో ఉన్న సమానత్వాన్ని చెడగొట్టలేదు, ముందే ఒరిగి ఉన్న త్రాసులో ఇంకో బస్తా వేసింది.

నిజాంపేట వైపు ఒక జంట. ఇద్దరూ సాఫ్ట్‌వేర్, రెండు బెడ్రూముల ఫ్లాటు, ఇద్దరు పిల్లలు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనివాళ్ళని రానివ్వలేదు. ఆయనకి క్లయింట్ కాల్స్. పిల్లల గోల వినపడకుండా సెల్లార్‌లో కారు ఎక్కి, ఏసీ వేసుకుని, ల్యాప్‌టాప్ స్టీరింగ్‌కి ఆనించి మీటింగ్‌లు చేసేవాడు. తెలివైన పనే, నేను తప్పుపట్టను. కానీ ఆవిడకి కూడా కాల్స్ ఉన్నాయి, ఆవిడ వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక చెవిలో మేనేజర్ని, ఇంకో చెవిలో కుక్కర్ని వింటూ చేసింది. కారు ఒక్కటే ఉంది కదా. ఆవిడకి దొరికిన చోటు డాబా. బట్టలు ఆరేసి వస్తానని వెళ్ళి, ఆరేశాక కూడా వాటర్ ట్యాంకు నీడలో బకెట్ బోర్లించుకుని కూర్చునేది. పైకి వెళ్ళడానికి సాకు కావాలని ఉతికిన బట్టలే మళ్ళీ తడిపేదాన్ని అని చెప్పింది. ఆ మాట చెప్తూ ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. ఒక మనిషి తన ఇంట్లో పావుగంట ఒంటరిగా కూర్చోడానికి బట్టలు రెండోసారి తడపాల్సి వచ్చిందంటే, ఆవిడకి ధ్యానం, ప్రాణాయామం నేర్పి ఏం లాభం? ఆవిడకి కావలసింది ఆ కారు తాళం, రోజుకో గంట.

ఇక ఇద్దరూ సాఫ్ట్‌వేర్ కాని ఇళ్ళ సంగతి. బోరబండలో, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో, పాతబస్తీలో ఒకే గది, ఐదుగురు మనుషులు. ప్రభుత్వం తెల్ల కార్డున్నవాళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. మంచిదే, కడుపు నిండింది. ఆ 1,500లో అద్దె, గ్యాస్, నాయనకి షుగర్ మందులు, పిల్లల ఫోన్ రీచార్జి సర్దాలి. ఆటో నడిపే ఒకాయన చెప్పాడు, ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోన్, కాస్త సడలించాక గిరాకీ కోసం ఆయన ఫోన్ తీసుకుని బయటికి పోతే పిల్లకి క్లాసు పోయేది, ఫోన్ ఇంట్లో పెట్టిపోతే ఆ రోజు గిరాకీ పోయేది. రోజూ పొద్దున ఈ లెక్క. "ఏది చేసినా బిడ్డకి అన్యాయం చేసినట్టే ఉండేది మేడం" అన్నాడు. దీన్ని మనం టెన్షన్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం గానీ, ఏ వైపు పోయినా తానే దోషి అయ్యేలా ఉన్న చోట రోజూ నిలబడటం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

ప్రైవేటు స్కూలు టీచర్లని కూడా తలుచుకోవాలి. ఫీజులు పెంచొద్దు, నెలనెలా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోండి అని 2020 ఏప్రిల్‌లో 46 నంబరు జీవో వచ్చింది, తల్లిదండ్రులకి కాస్త ఊపిరాడింది. మరోవైపు జీతాలు ఆగిపోయి ఎందరో టీచర్లు కూరగాయల బండి పెట్టుకున్నారు, ఉపాధి పనికి పోయారు. ఏడాది గడిచాక, 2021 ఏప్రిల్‌లో, వాళ్ళకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించారు. వాళ్ళూ అమ్మానాన్నలే. మన పిల్లలకి స్క్రీన్ మీద నవ్వుతూ పాఠం చెప్పిన మేడం వెనక గదిలో తన పిల్లాడు ఏం చేస్తున్నాడో ఎవరం అడగలేదు.

మందు సంగతి మాట్లాడకుండా పోతే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడ్డాయి. వారం తిరక్కుండా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు జనం. వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం. చాలామంది ఇంట్లోవాళ్ళు "పిచ్చి పట్టింది, కరోనా భయంతో" అనుకున్నారు. ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి మందు హఠాత్తుగా ఆపితే అలాగే అవుతుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణం మీదికి కూడా వస్తుంది, డాక్టర్ చూడాల్సిన జబ్బు అది. మన దగ్గర కల్తీ కల్లులో నిద్రమాత్రల మందులు కలుపుతారు కాబట్టి కల్లు ఆగినవాళ్ళ పరిస్థితి ఇంకా అధ్వానం. అదంతా జరిగింది ఎక్కడ? ఒకే గదిలో, పిల్లల కళ్ళ ముందు. ఆ రాత్రులు నాన్నని పట్టుకున్నది అమ్మ, పిల్లల కళ్ళు మూసింది కూడా అమ్మే. మే 6న 16 శాతం రేటు పెంచి షాపులు తెరిచారు, క్యూలు టీవీలో చూసి మనం జోకులు వేసుకున్నాం. ఆ క్యూలో నిలబడ్డాయన జేబులో డబ్బు ఎక్కడిదో అతని భార్యకి తెలుసు. కొన్ని ఇళ్ళల్లో దెబ్బలూ పెరిగాయి. అలాంటి ఇంట్లో మాత్రం నా సలహాలేవీ పనికిరావు, అక్కడ ముందు కావలసింది రక్షణ. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఊళ్ళో ఆడవాళ్ళకి, పిల్లలకి అండగా ఉండే భరోసా కేంద్రం ఉంది, ఇది ఎవరికి చెప్పాలో మీకు తెలిస్తే వాళ్ళ చెవిన వేయండి.

ఇందాక "కడుపులో ఉన్నాడు" అన్న అమ్మ ఎక్కడ? ఆ, మీ గురించే ఇప్పుడు. మనలో మొదటి కాన్పుకి పుట్టింటికి పంపుతారు. ఎందుకు పంపుతారో ఎప్పుడైనా ఆలోచించారా? ఆచారం, ముచ్చట అంటాం గానీ, దాని అసలు ఫలితం ఒకటుంది. మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా బాలింతకి రాత్రి నిద్ర దొరుకుతుంది. పిల్లాడిని ఎత్తుకోడానికి నలుగురుంటారు, పథ్యం వండిపెట్టేవాళ్ళుంటారు, ఏడిస్తే "ఇది మామూలేనే" అని చెప్పే పెద్దావిడ పక్కనే పడుకుంటుంది. 2020 ఏప్రిల్, మే నెలల్లో కన్న ఎంతోమందికి ఇదేమీ లేదు. అమ్మ సిద్దిపేటలోనో గుంటూరులోనో ఉండిపోయింది, పాస్ దొరకలేదు, దొరికినా ఆసుపత్రికి రావద్దన్నారు. ఒకమ్మాయి చెప్పింది, పిల్లకి మొదటిసారి నీళ్ళు పోయడం వీడియో కాల్‌లో నేర్చుకుందట. బాత్రూములో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద పిల్లని బోర్లా పడుకోబెట్టుకుంటే భర్త ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. వేడినీళ్ళ ఆవిరికి కెమెరా మసకబారి అటు అమ్మకి ఏమీ కనబడదు, "మెడ కింద చెయ్యి పెట్టవే, మెడ కింద" అని ఒకటే అరుపు, వీళ్ళేమో ఫోన్ తుడుచుకుంటూ, పిల్ల ఏడుస్తూ. ఇప్పుడు చెప్పుకుంటే సరదాగానే ఉంటుంది. తర్వాత ఆ అమ్మాయికి మూడు నెలలపాటు నిద్ర లేదు, పిల్లని చూస్తే ప్రేమ పుట్టడం లేదని ఎవరితోనూ చెప్పుకోలేక నలిగిపోయింది.

కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం, చిరాకు మామూలే, దానంతటదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పిల్ల నిద్రపోయినా తనకి నిద్ర పట్టకపోతే, "నేను లేకపోతేనే దీనికి మంచిది" లాంటి ఆలోచన వస్తే అది ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్, మందులున్నాయి, తగ్గుతుంది. గాలి సోకిందని దిష్టి తీయండి, నేను వద్దనను, తీసి డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళండి.

దూరంగా ఉన్న పిల్లల తల్లిదండ్రుల గురించి రెండు మాటలు. అమీర్‌పేట హాస్టళ్ళు ఖాళీ చేయమన్నప్పుడు పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం నిలబడి, బండ్లు పట్టుకుని బయల్దేరి, తీరా ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోయారు. ఆ రాత్రి రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ళల్లో నిద్ర లేదో. బోధన్ నుంచి ఒక తల్లి స్కూటీ మీద నెల్లూరు దాకా వెళ్ళి కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చుకుంది, రానూపోనూ 1,400 కిలోమీటర్లు. ఆవిడని అందరం మెచ్చుకున్నాం, మెచ్చుకోవాల్సిందే. కానీ స్కూటీ లేని తల్లులు, నడపడం రాని తల్లులు "నేను వెళ్ళలేకపోయానే" అని కుమిలిపోయారు. వీరగాథలు అలా పక్కవాళ్ళని పొడుస్తాయి. టెన్త్ పిల్లల ఇళ్ళయితే మూడు పేపర్లు రాసి ఆగిపోయి, జూన్ 8న పరీక్షలు రద్దని చెప్పేదాకా రోజూ పుస్తకం తెరిచి మూసి... అది వేరే పురాణం.

ఇప్పుడు అసలు ఒంట్లో, మనసులో ఏమవుతుందో కొంచెం చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిందాని ప్రకారం, కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచమంతా డిప్రెషన్, ఆందోళన రోగాలు 25 శాతం పెరిగాయి, ఆడవాళ్ళలో, యువతలో ఎక్కువ. దీనికి తోడు తల్లిదండ్రులకే వచ్చే ఒక అలసట ఉంది. బెల్జియంలో ఇద్దరు పరిశోధకురాళ్ళు రోస్కం, మికోలాయ్‌చాక్ దీన్ని చాలాకాలంగా చదువుతున్నారు. పేరెంటల్ బర్నౌట్ అంటారు. మొదట పిల్లల పనులు తలుచుకుంటేనే ఒళ్ళు బరువెక్కుతుంది. తర్వాత మనిషి యంత్రంలా అయిపోతాడు, అన్నం పెడతాడు, స్నానం చేయిస్తాడు, కళ్ళలోకి చూడడు. పిల్లలతో ఉన్న సంతోషం పోతుంది. అన్నిటికన్నా బాధ పెట్టేది, "నేనిలా ఉండేదాన్ని కాదు" అని తనకే తెలియడం. డిప్రెషన్‌కీ దీనికీ తేడా ఎలా పట్టుకోవాలంటే, పిల్లల్ని రెండు రోజులు ఎవరికైనా అప్పగించి పొమ్మంటే ప్రాణం లేచొస్తే అది ఎక్కువగా ఈ అలసటే. ఎక్కడికి పోయినా, ఏం తిన్నా, ఎవరితో ఉన్నా మనసు బండగా ఉంటే డిప్రెషన్ అనుకోవాలి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. మగవాళ్ళలో ఇది ఏడుపుగా బయటికి రాదు, కోపంగా వస్తుంది, రిమోట్ విసిరేయడంగా వస్తుంది. "మా ఆయనకి కోపం ఎక్కువ" అని వచ్చినవాళ్ళలో కొందరికి అసలు ఉన్నది భయం, ఉద్యోగం పోతుందని, ఇఎంఐ కట్టలేనని, నాన్నకి ఆక్సిజన్ బెడ్ దొరకదని. భయపడుతున్నానని చెప్పడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు.

మరి ఏం పనిచేసింది? డల్గోనా కాఫీ పని చేయలేదు, అది మాత్రం చెప్పగలను. లాక్‌డౌన్‌లో కొత్త భాష నేర్చుకోండి, ఇరవై రకాల క్రాఫ్ట్‌లు చేయించండి అని వచ్చిన వీడియోలన్నీ అమ్మలకి ఇంకో హోంవర్కు. పనిచేసింది చాలా చప్పగా ఉంటుంది, వినండి. గడియారం పెట్టుకుని వంతులు వేసుకున్న ఇల్లు బాగుంది. పది నుంచి పన్నెండు పిల్లలు నాన్నవి అంటే నాన్నవే, ఆ టైములో వాళ్ళు అమ్మ దగ్గరికొచ్చినా "నాన్నని అడుగు" అనేయడమే. "ఏదైనా సాయం కావాలంటే చెప్పు" అనడం వంతు కిందికి రాదు, చెప్పడం కూడా ఒక పనే కాబట్టి. ఒక మీసాలాయన ఆ ఏడాదే పాపకి రెండు జడలు వేయడం నేర్చుకున్నాడు, మొదట్లో ఒక జడ పైకి ఒకటి కిందికి ఉండేదట, ఆయన దాన్ని ఇప్పటికీ మానలేదు. తర్వాత, ప్రమాణాలు తగ్గించుకున్నవాళ్ళు బాగున్నారు. పప్పు, ఆవకాయ, అప్పడం, అయిపోయింది భోజనం. ఆన్‌లైన్ క్లాసులో ఒకటో తరగతి పిల్లాడు గంటన్నర కదలకుండా కూర్చోడు, కూర్చోబెట్టాలని కొట్టిన అమ్మకన్నా, పోనీలే అని కెమెరా ఆపేసి బియ్యంలో రాళ్ళు ఏరించిన అమ్మ ఆ పిల్లాడికి ఎక్కువ నేర్పింది. వార్తలు రోజుకి ఒకసారే చూసినవాళ్ళు, ఫ్యామిలీ గ్రూప్‌లో శవాల వీడియోలు పంపిన మామయ్యని మ్యూట్‌లో పెట్టినవాళ్ళు నయంగా నిద్రపోయారు. ఇంకొకటి, రోజుకొక్క ఫోన్ కాల్, అక్కకో స్నేహితురాలికో, సలహా ఇవ్వకూడదు అనే షరతు మీద. తిట్టుకోడానికే. ఇది నేను చాలామందికి మందులా రాసిచ్చాను.

2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తుందా? కరోనాకి దూరం పాటించమన్న ఊరు, నీళ్ళు వచ్చేసరికి ఒకరి మేడ మీదికి ఒకరు ఎక్కింది. టోలీచౌకీ వైపు ఒక కుటుంబం మూడు రోజులు పై అంతస్తు వాళ్ళింట్లో ఉంది. ఆ ఇంటావిడ నాతో అన్నమాట, "వరదలో సామాను మొత్తం పోయింది, కానీ ఏడు నెలల తర్వాత మొదటిసారి నా పిల్లాడిని వేరేవాళ్ళు ఎత్తుకున్నారు, ఆ మధ్యాహ్నం నిద్రపోయాను" అని. నష్టపోయిన మనిషి చెప్పిన మాట ఇది. ఇందాక చేతుల గురించి నేనన్నది ఇదే.

రెండో వేవ్ గురించి మాట్లాడటం నాకు కష్టం, ఈ హాల్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. 2021 మే 12 నుంచి పొద్దున ఆరు నుంచి పదింటి దాకా మాత్రమే బయటికి వదిలారు, ఆ నాలుగు గంటల్లోనే మందులు, సరుకులు. పోయినవాళ్ళని చూడ్డానికి లేదు, మోయడానికి లేదు, పదో రోజుకి నలుగురూ రావడానికి లేదు. మనకి దుఃఖం తీరే దారులన్నీ మనుషులు గుమిగూడే దారులే, అవన్నీ మూసేశారు. ఆ దుఃఖం మోస్తూ పిల్లలకి అన్నం కలిపిపెట్టినవాళ్ళున్నారు. వాళ్ళకి ఒక్కటి చెప్తాను, పిల్లలకి "తాతయ్య ఊరెళ్ళాడు" అని చెప్పి ఉంటే, ఇప్పటికైనా సరిచేయండి. ఊరెళ్ళినవాళ్ళు తిరిగొస్తారని పిల్లలకి తెలుసు. వాళ్ళు ఎదురుచూస్తారు, లేదంటే నన్ను చూడటం ఇష్టం లేక రావడం లేదనుకుంటారు. చనిపోయాడు, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది, ఇక రాడు, నాకూ ఏడుపొస్తోంది. ఇంతే. మీరు వాళ్ళ ముందు ఏడిస్తే వాళ్ళేమీ బెదిరిపోరు.

ఆ రోజుల్లో కొట్టారు కదా పిల్లల్ని? చేతులెత్తమనను. చాలామంది కొట్టారు, అంతకుముందు ఎప్పుడూ కొట్టనివాళ్ళు కూడా. అది ఇప్పటికీ కొందరిలో ముల్లులా ఉంది. దానికి చేయగలిగిన పని ఒకటుంది. పిల్లాడు ఇప్పుడు నీకన్నా పొడుగయ్యుంటాడు, ఫర్వాలేదు, బండి మీద వెళ్ళేటప్పుడో గిన్నెలు తోమేటప్పుడో చెప్పు. "ఆ క్లాసులప్పుడు నిన్ను కొట్టాను. నేను బాగా అలిసిపోయి ఉన్నాను. నీ తప్పు లేదు." అక్కడ ఆపాలి. "కానీ నువ్వు కూడా మాట వినేవాడివి కాదు" అని తోక తగిలిస్తే చెప్పకపోవడమే నయం.

ప్రశ్నలు తీసుకుందాం. చెప్పండి సార్.

(సభలోంచి ఒకాయన: మా ఆవిడ ఇప్పటికీ ప్రతి గొడవలో ఆ రోజులు తీస్తుంది. అయిపోయిందాన్ని ఎన్నాళ్ళు మోస్తాం?)

ఆవిడ పక్కనే ఉన్నారా? ఉన్నారు, సరే, జాగ్రత్తగా చెప్తాను. ఆవిడ ఆ రోజులు తీసినప్పుడు మీరేమంటారు? "నేను మాత్రం ఖాళీగా కూర్చున్నానా" అంటారు, అవునా? అది నిజమే, మీరూ కష్టపడ్డారు. కానీ ఆవిడ అడిగేది లెక్క కాదు సార్. ఒకసారి కూర్చుని, పిల్లలు పడుకున్నాక, "అప్పుడు నీకెలా ఉండేదో చెప్పు" అని అడిగి, మధ్యలో ఒక్క ముక్క మాట్లాడకుండా వినండి. మీ వంతు తర్వాత వస్తుంది. రెండు మూడుసార్లు అలా విన్నాక కూడా గొడవలో అదే వస్తుంటే, ఇద్దరూ కలిసి నా దగ్గరికో ఇంకెవరి దగ్గరికో రండి.

(ఒక యువతి: మేడం, కౌన్సెలింగ్‌కి డబ్బులు లేనివాళ్ళు?)

మంచి ప్రశ్న. 14416, రాసుకోండి, టెలిమానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఇరవైనాలుగు గంటలు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, మన పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. ఎర్రగడ్డలో ఓపీ ఉంది. ఎర్రగడ్డ పేరు సినిమాల్లో జోకు కింద వాడి వాడి జనం అటువైపు బస్సు దిగడానికి కూడా భయపడతారు. గాంధీలో, ఉస్మానియాలో కూడా చూస్తారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే "ఛ ఛ, అలా అనకూడదు" అని నోరు మూయించకండి, పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే తీసుకెళ్ళండి.

(ఒక పెద్దావిడ: మా కాలంలో ఆరుగురిని పెంచాం, ఇవన్నీ లేవమ్మా. ఇప్పటి పిల్లలకి ఓపిక లేదు.)

అమ్మా, ఆరుగురిని పెంచేటప్పుడు మీ ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్ళు? అత్తగారు, తోటికోడలు, ఆడబిడ్డ... చూశారా, వేళ్ళు మడుస్తున్నారు, ఒక చెయ్యి అయిపోయింది. మీ కోడలికి ఎంతమంది? మీరొక్కరు. మోకాళ్ళ నొప్పులు, నాకు తెలుసు, పిల్లల వెనక పరిగెత్తక్కర్లేదు. వారానికి రెండు సాయంత్రాలు, ఇంత టైమని చెప్పి, పిల్లల్ని మీ దగ్గర కూర్చోబెట్టుకోండి, టీవీ పెట్టినా పర్లేదు, ఆ అమ్మాయిని బయటికి పంపండి. ఎక్కడికెళ్ళావని అడగకండి. తిరిగొచ్చాక వంట ఇంకా కాలేదా అని అడక్కండి, ముఖ్యంగా అది.